చెయ్యి కొలవకుండా కొడవలి చేయని రాజయ్య మామ

నిన్న పొద్దున సిద్దిపేట బస్టాండ్ దగ్గర స్వీట్ బాక్స్ కొని చింతమడక ఆటో ఎక్కాను. సగం దారిలో ఊరి నుంచి ఫోన్.

రాజయ్య మామ ఇక లేడు!

ఆ బాక్స్ ఆయన కోసమే కొన్నది.

తెలియనివాళ్లకు చెప్తున్నా. మామ మా ఊరి కమ్మరి. వందకు దగ్గరపడ్డ మనిషి. ఎవరికి కొడవలి చేసినా ముందు దారంతో వాళ్ల చెయ్యి కొలిచేవాడు. పిడి ఆ చేతికే సరిపోవాలి!

ఒక్కసారి మాత్రం ఎవరి చెయ్యీ కొలవలేదట. నిజాం కాలం చివర్లో, వయసులో ఉన్నప్పుడు, చేనులో పడే అడవి పందుల కోసం తీగ తాకితే దానంతటదే పేలే తుపాకీ చేశాడు. పట్టే చెయ్యే లేదు, ఇంకేం కొలుస్తాడు?

మూడో రోజు ఆ తీగ తాకింది మామ సొంత ఎద్దు.

"తుపాకి తప్పేం లేదు అల్లుడా. చెప్పినట్టే చేసింది. గదే నాకు భయమైంది" అనేవాడు.

నా బిడ్డ స్వప్న డ్రోన్ ఇంజనీర్. ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు! పోయిన నెల వరికి మందు కొట్టే డ్రోన్ తెచ్చి చూపిస్తే, మామ దాని చుట్టూ తిరిగి ఒకటే ప్రశ్నలు.

"బిడ్డా, గిది యుద్ధంల గూడ పోతదా?"

"పోతది తాతా. గసొంటిదే చెయ్యమంటున్రు ఆఫీసుల. ఎవర్ని కొట్టాల్నో అదే చూస్కుంటదట."

నేను ఊరుకోలేదు. "మన జవాన్ బదులు మిషన్ పోతే మంచిదే గద మామా?"

"పోనీ, మంచిదే. కొట్టేటప్పుడు ఆపే చెయ్యి ఒకటుండాలె గద? ఎవరి చెయ్యి కొలిచిన్రు బిడ్డా?"

స్వప్న నవ్వబోయి ఆగిపోయింది.

మామ దారం తీసి స్వప్న చెయ్యి కొలిచాడు. "నీకో కొడవలి చేపిస్త. ఇంజనీరైతేంది, గడ్డి కొయ్యొద్దా?"

నిన్న తెల్లారంగనే స్వప్న ఫోన్.

"బాపూ, గా యుద్ధం డ్రోన్ పని నాతోని కాదని ఆఫీసుల రాసిచ్చిన. నౌకరి ఉంటదో ఊడుతదో తెల్వది. తాతకు నువ్వే చెప్పు."

నా సంతోషం ఏమని రాయను! చెప్పులు కూడా మరిచిపోయి బయల్దేరాను.

చెప్పలేకపోయాను.

సాయంత్రం స్వప్న వచ్చింది. కొలిమి పక్కన గోడకు కొత్త కొడవలి వేలాడుతోంది. పిడికి ఆ దారం ఇంకా చుట్టే ఉంది.

స్వప్న పట్టుకుంది. సరిగ్గా సరిపోయింది.

మామా, ఆపే చెయ్యి గురించి నువ్వడిగిన దానికి జవాబు వచ్చింది. ఇక నిమ్మళంగా పండుకో.