గోడకెక్కని పేరు

కుప్పంలో మా ట్రస్టు వసతిగదుల్లో పెయింటర్ ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాస్తున్నాడు. ఆ పెయింటు వాసన తగిలితే చాలు, నాకు సరోజమ్మ గుర్తొస్తుంది. మదనపల్లెలో ఆసుపత్రి పక్కన, రోగుల వెంట వచ్చినవాళ్లు ఉచితంగా తలదాచుకునే సత్రానికి ఆమె మేనేజరు. నాకు ఉద్యోగమిచ్చింది, నా నోటి దురుసు భరించింది ఆమే.

ఫ్యానుకో పేరు, బెంచీకో పేరు చూసి నాకు ఒళ్లు మండేది. "పేరు లేకుంటే వీళ్లకు పుణ్యం రాదా?" అన్నానొకసారి. ఆమె నవ్వింది. "పేరు కోసమన్నా ఇయ్యనీమ్మా. గాలి తగిలేది పడుకున్నోళ్లకే గదా."

ఆడవాళ్లు వరండాలో చలికి ముడుచుకు పడుకునేవారు. వాళ్లకో గది కట్టించాలని ఆమె ఎక్కని గడప లేదు. అప్పుడు వచ్చాడు రామసముద్రం నుంచి నరసింహప్ప. గొర్రెలమ్మిన డబ్బు, గదికి సరిపోయేంత, మూటగా తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పేరు మాత్రం రాసుకోవద్దు తల్లీ."

"పేరూ ఊరూ లేకుండా ఇంత దుడ్డు తీసుకుంటే చట్టం ఒప్పుకోదప్పా," అంది సరోజమ్మ.

"హుండీలో ఏస్తే ఎవురడగతారు?"

"అది గుడి, ఇది ట్రస్టు. ఈడ పేరడక్కుంటే రేపు దొంగ దుడ్డు గూడా ఇట్లే వస్తాది."

ఆయన మూట చంకన పెట్టుకుని లేచాడు. నా ప్రాణం ఉసూరుమంది. తీసేసుకోండి మేడమ్, ఎవరికి తెలుస్తుంది అని గొణిగాను. ఆమె నావైపు చూడనైనా చూడకుండా గేటుదాకా ఆయన వెంట నడిచింది. "యాలప్పా, పేరంటే అంత భయం?"

"కరువులో పెద్దింటోళ్లు మా నాయనకు గింజలిచ్చినారు. ఆయన సచ్చేదాకా అందురికీ సెప్తానే ఉండిరి. మా నాయన మళ్లా తలెత్తలేదు తల్లీ."

సరోజమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది. "సర్కారుకు చెప్పేది లెక్క. ఊరికి చెప్పేది గొప్ప. రసీదు రాస్తా, గోడమీద రాయను. నా బిడ్డల మీద ఒట్టు." ఆయన వెనక్కి తిరిగాడు.

గది లేచింది. కొన్నాళ్లకు ఆయన భార్యకే జబ్బు చేసింది. పుంగనూరులో ఇచ్చిన కూతుర్ని తోడు తెచ్చుకుని, అందరిలాగే వరుసలో నిలబడ్డాడు. "బిడ్డ పండుకోను రోంత సోటు ఉంటాదామ్మా?" అని నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోగా సరోజమ్మ నా చెయ్యి నొక్కింది.

గదిలో ఒకావిడ చాప జరిపి, "రా పాపా. ఎవురు కట్టించినారో గానీ, వాళ్ల కడుపు సల్లగుండ," అంది.

"ఔనక్కా, సల్లగుండాల," అంది కూతురు.

నరసింహప్ప గుమ్మం బయట తువాలు దులిపి భుజాన వేసుకుని, భార్య దగ్గరికి వెళ్లిపోయాడు. నేను ఆఫీసుగదిలోకెళ్లి ఏడ్చాను.

సరోజమ్మ ఇప్పుడు లేదు. ఆ కుర్చీలాంటి కుర్చీలోనే ఇక్కడ నేనున్నాను. పేరు రాయమన్నవాళ్లకు సంతోషంగా రాయిస్తాను. వద్దన్నవాళ్లకు రసీదు రాసిచ్చి నోరు మూసుకుంటాను. నా నోటికి అది చిన్న పనేం కాదు.