మేడం బరువు నేను అడగలేదు

2023లో, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. సైనిక్‌పురిలోని మా సైకిల్ రిపేరు షాపు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. ముందు పసుపు రంగు మౌంటెన్ బైక్ దిగింది, దాని వెనకే నీలం అంచు కాటన్ చీరలో ఒక మేడం దిగారు. ఆటో డ్రైవరు సాయం చేయబోతే "ఆగు ఆగు, నేను పట్టుకుంట" అని ఆయన్ని పక్కకు జరిపారు. తన సైకిల్‌ని ఇంకొకరి చేతికి ఇవ్వని మనిషంటే నాకు మొదటి చూపులోనే గౌరవం.

పేరు విజయలక్ష్మి. కాప్రాలో ఒక హైస్కూల్లో లెక్కల టీచరు, వయసు యాభై దాటింది. తెల్లవారగానే నలుగురు స్నేహితురాళ్ళతో కలిసి యాప్రాల్ అవతలి రాళ్ళ బాటల్లో సైకిల్ తొక్కడం ఆవిడకు ఎన్నో ఏళ్ళ అలవాటు. కుడి మోకాలికి ఆపరేషన్ అయ్యాక పాత సైకిల్ అదురుకు ఓర్చుకోలేక, వెనక చక్రానికి కూడా సస్పెన్షన్ ఉన్న ఈ బండిని సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు.

"ఖాజా భాయ్, దీన్ని నాకు తగ్గట్టు సెట్ చేసియ్యుండ్రి. మోకాలు మళ్ళ తక్లీఫ్ ఇచ్చిందంటే డాక్టరు సైకిలే బంద్ చెయ్యమంటడు. గది బంద్ అయితే నాకు తెల్లారినట్టే ఉండది," అన్నారు.

ఈ వెనక సస్పెన్షన్ సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. మామూలు సైకిల్లో వెనక చక్రం ఫ్రేముకు కదలకుండా బిగించి ఉంటుంది. ఈ రకంలో వెనక భాగమంతా ఒక కీలు మీద పైకీ కిందికీ ఆడుతుంది. ఆ కీలును పివట్ అంటాం. ఆ ఆటను అదుపులో పెట్టడానికి మధ్యలో గాలి నింపిన షాక్ ఉంటుంది. దానిలో ఎంత గాలి కొట్టాలన్నది తొక్కేవాళ్ళ బరువును బట్టి ఉంటుంది. మనిషి కూర్చోగానే షాక్ తన మొత్తం ఆటలో పావు వంతో, అంతకన్నా ఇంకాస్తో దిగాలి. ఎంత దిగిందో షాక్ మీద ఉండే చిన్న రబ్బరు రింగు చూపిస్తుంది.

అంటే పద్ధతి ప్రకారం నేను బరువు అడగాలి, బండి మీద కూర్చోబెట్టి రింగు చూడాలి. రెండూ చేయలేదు. స్కూలు నుంచి చీరలోనే వచ్చిన టీచరమ్మను నలుగురు కస్టమర్ల ముందు సైకిలెక్కి కూర్చోమని ఎలా అంటాను? పైగా ఆడవాళ్ళ వయసూ బరువూ అడగకూడదని మా అమ్మీ చిన్నప్పుడే చెవి మెలేసి నేర్పింది. మగవాళ్ళనైతే "ఎన్ని కిలోలున్నవన్నా?" అని మొహం మీదే అడిగేస్తాను. మేడంను మాత్రం ఓరకంట ఒకసారి చూసి, అరవై కిలోలుంటారని మనసులో అనుకుని, ఆ లెక్కకే గాలి కొట్టి ఇచ్చేశాను.

వారం తిరగకుండానే మేడం మళ్ళీ వచ్చారు, మళ్ళీ స్కూలు నుంచే.

"ఏందీ ఖాజా భాయ్, గిట్ల ఊగుతది? పెడల్ తొక్కినప్పుడల్లా కిందికీ మీదికీ. పరుపు మీద నడిచినట్టున్నది. పాత బండి మీద దిగకుండ ఎక్కే చడావ్, దీని మీద సగంల దిగి నడుస్తున్న. నా కాళ్ళల్ల సత్తువ పోయిందా ఏందీ?"

తొక్కినప్పుడు వెనక భాగం ఇలా ఊగడాన్ని మా పనిలో బాబింగ్ అంటాం. కాలి బలం ముందుకు పోవలసింది పోయి కొంత ఆ ఊగులాటకే ఖర్చవుతుంది. గాలి తక్కువైతే మొట్టమొదట కనిపించేది ఇదే, ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ గాలి మాట ఎత్తితే బరువు మాట ఎత్తాలి. అందుకని నా బుర్ర ఇంకో దారి వెతుక్కుంది. మా అబ్బాకు, అంటే నాన్నకు, అద్దె సైకిళ్ళ దుకాణం ఉండేది. ఎత్తు ఎక్కలేకపోతున్నామని ఎవరొచ్చినా పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం తీసేసి చిన్నది వేసి పంపేవాడు. ఆ చక్రమే చైన్‌రింగ్. మామూలు సైకిళ్ళకు ఆ మందు ఎప్పుడూ పనిచేసేది. నేనూ ముప్పై రెండు పళ్ళది తీసి ఇరవై ఆరు పళ్ళది బిగించాను.

రెండు రోజులకు మేడం ఫోన్ చేశారు. ఎక్కడం తేలికైందట, ఊగడం కూడా తగ్గిందట. అబ్బా పేరు నిలబెట్టానని నేను షాపులో కాలరెగరేసుకుని తిరిగాను.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం మేడం మూడోసారి వచ్చారు. ఈసారి సల్వార్ కమీజ్‌లో ఉన్నారు, మోకాలికి క్రేప్ బ్యాండేజ్ ఉంది. సైకిల్‌ను గోడకు ఆనించి స్టూలు మీద కూర్చున్నారు.

"దీన్ని ఎవరికన్న అమ్మిపెట్టుండ్రి భాయ్."

"ఏమైంది మేడం?"

"మోకాలు వాచింది. రాయి మీదికి ఎక్కినప్పుడల్లా పెడల్ నా కాలును వెనక్కి తంతుంది. పదిహేను రోజులు రెస్ట్ తీసుకొని ఒక్కసారి తొక్కి చూడమన్నడు డాక్టరు. మళ్ళ వాచిందంటే ఇగ జిందగీల సైకిల్ ముట్టొద్దన్నడు. ఉన్నది ఒక్క చాన్సు. దీని మీద తొక్కాలంటే భయమైతుంది."

పెడల్ వెనక్కి తన్నడమనేది మొదటి రోజు లేని జబ్బు. అంటే అది నా చేతిమీదుగానే వచ్చింది.

"అమ్ముడు సంగతి తర్వాత మేడం. ముందు ఎందుకు తంతుందో చూద్దామా?" అన్నాను. 'ఎందుకు' అనే మాట వినేసరికి లెక్కల టీచరు స్టూలు ముందుకు జరుపుకున్నారు.

బండిని స్టాండుకెక్కించి షాక్‌లో గాలి మొత్తం వదిలేశాను. వెనక చక్రం తిరగకుండా బ్రేక్ మీట నొక్కి, అది వదలకుండా పాత ట్యూబు ముక్క చుట్టాను. రాయి తగిలితే చక్రం ఎలా లేస్తుందో అలా దాన్ని చేత్తో మెల్లగా పైకెత్తాను. ఎవరూ ముట్టుకోకుండానే ముందున్న పెడల్ పైకి లేచి వెనక్కి తిరిగింది.

"అరే!" అని మేడం పెడల్ మీద అరచెయ్యి పెట్టారు. "మళ్ళ ఎత్తుండ్రి." ఎత్తాను. పెడల్ ఆవిడ చేతిని నెట్టుకుంటూ లేచింది. "గిదే! గిదే నా మోకాలును తన్నేది."

చక్రం పైకి లేచేటప్పుడు, కీలు ఉన్న చోటును బట్టి, కాస్త వెనక్కి కూడా జరుగుతుంది. పెడళ్ళకూ దానికీ మధ్య దూరం పెరుగుతుంది. గొలుసు సాగదు కాబట్టి పెడల్‌ను లాగుతుంది. దీని పేరు పెడల్ కిక్‌బ్యాక్. మేడం హ్యాండ్‌బ్యాగులోంచి చాక్‌పీసు తీశారు. పెడల్ వెనక నన్ను ఒక అట్టముక్క పట్టుకోమని, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీతలు గీశారు. తర్వాత ముప్పై రెండు పళ్ళ చక్రం మళ్ళీ వేయించి అలాగే గీశారు. ఈసారి గీతల మధ్య దూరం స్పష్టంగా తగ్గింది.

"గొలుసు గుంజే పొడవు ఒక్కటే. చక్రం చిన్నగైతే అదే పొడవుకు ఎక్కువ తిరుగుతది. మా పిల్లలు సుత చెప్తరు గిది," అన్నారు. ఇన్నేళ్ళుగా చైన్‌రింగులు బిగిస్తున్నా నాకు ఆ లెక్క తట్టలేదు. "మరి చిన్నది వేసినంక ఊగుడు ఎట్ల తగ్గింది?"

"తొక్కేటప్పుడు గొలుసు గుంజుడే వెనకభాగం కుంగకుండ ఆపుతది మేడం. చిన్న చక్రంతోని ఆ సాయం పెరుగుతది. కానీ రాయి వచ్చినప్పుడు తన్నేది సుత ఆ గొలుసే."

అందుకే ఈ బళ్ళలో ఇన్ని రకాలు. ఒకే కీలుతో సరిపెట్టేవి ఉన్నాయి, మూడు నాలుగు కీళ్ళు పెట్టి చక్రం కదిలే దారినే మలిచేవి ఉన్నాయి. ఊగడమూ తన్నడమూ రెండూ పూర్తిగా లేని బండి నా చేతికి ఇంతవరకు రాలేదు. బండి తయారుచేసినవాళ్ళు ఫలానా పళ్ళ చక్రం ఉంటుంది, షాక్ ఇంత దిగి ఉంటుంది అని లెక్క వేసుకుని రెంటికీ మధ్య రాజీ కుదురుస్తారు. ఇదంతా నేను ఉత్సాహంగా చెబుతుంటే మేడం చెయ్యెత్తి ఆపారు.

"ఆగుండ్రి. ముప్పై రెండు పళ్ళు ఉన్నప్పుడు సుత ఊగింది కదా. అదెందుకు?"

నేను పంపు వైపు చూశాను. "గాలి తక్కువైంది మేడం."

"ఎంత బరువుకు కొట్టిండ్రు?"

"అరవై కిలోలకు."

"అరవై అని ఎవరు చెప్పిండ్రు?"

"నేనే... చూసి అనుకున్న."

మేడం నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "నా పెండ్లినాడే అరవై దాటిన భాయ్! అడగనీకేమైంది? డాక్టరు అడిగిండు, చెప్పిన. మీరు అడిగితే కాదంటనా? మీ మర్యాద మంచిగనే ఉన్నది, వాచింది నా మోకాలు!"

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. షాక్ మెత్తగా ఉండటంతో ప్రతి రాయికీ చక్రం ఎక్కువ దూరం లేచింది. దానికి తోడు నా చిన్న చక్రం. మొదటి తప్పును కప్పిపుచ్చడానికి రెండో తప్పు చేసి, రెండింటినీ ఆ మోకాలి మీద పెట్టాను. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

"ఇప్పుడు అడుగుతున్న మేడం. చెప్పుండ్రి," అన్నాను.

షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లు చెవులు రిక్కించుకుని ఉన్నారు. మేడం వాళ్ళ వైపొకసారి చూసి, అట్టముక్క తిప్పి వెనకవైపు ఏదో రాసి నాకిచ్చారు. "చూసి తుడుపుండ్రి."

చూశాను, చొక్కా చేతితో తుడిచేశాను. ముప్పై రెండు పళ్ళ చక్రాన్నే ఉంచి, ఆ లెక్కకు గాలి కొట్టి మేడంను బండి మీద కూర్చోబెట్టాను. రింగు సరిగ్గా దిగవలసిన చోటికి దిగింది.

పదిహేను రోజుల తర్వాత ఒక ఆదివారం పొద్దున నేనూ యాప్రాల్ వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు, ఇంట్లో కూర్చోలేకపోయాను. మేడం చడావ్ అన్న ఎత్తు బాట మొదట్లో ఆవిడ స్నేహితురాళ్ళు నలుగురూ బళ్ళు ఆపుకుని నిలబడ్డారు. మేడం ఒక్కరే షురూ చేశారు. నేను ఆవిడను కాదు, సీటును చూస్తున్నాను. అది దాదాపు కదలడం లేదు. సగం ఎత్తులో మెట్టులా ఒక బండరాయి ఉంది, ఈ బండి మీద మేడం సగంలో దిగి నడిచేది అక్కడేనట. చక్రం రాయి మీదికి లేచింది, కాలు మాత్రం తన పాటికి తాను తిరిగింది. పైకి వెళ్ళి ఆగి, వంగి మోకాలిని రెండు చేతులతో నొక్కి చూసుకున్నారు.

అప్పుడు నడుం నిటారుగా చేసి, కిందికి వినపడేలా కేకేశారు.

"ఖాజా భాయ్! డెబ్బై ఎనిమిది!"

స్నేహితురాళ్ళు నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ కలిసి వచ్చాయి.

మర్నాడు వాపు లేదని మెసేజ్ పెట్టారు. ఆ వారమే బరువు చూసే మిషన్ కొని షాపులో పంపు పక్కన పెట్టాను. ఇప్పుడు ఆడా మగా ఎవరొచ్చినా, బండిని ముట్టుకోకముందే బరువు అడుగుతాను, కూర్చోబెట్టి రింగు చూస్తాను. చెప్పడానికి ఎవరైనా మొహమాటపడితే, అట్టముక్కా చాక్‌పీసూ చేతికిచ్చి అటు తిరిగి నిలబడతాను.