టాఫీ గారూ, దయచేయండి

హనుమయ్యగారు ఎవరినీ ‘నువ్వు’ అనరు. మనుషుల సంగతి సరే, గేదెలను, కోళ్ళను, మొరాయించే బోరు మోటారును కూడా అనరు. “తమరు కాస్త కదలండి” అని ఆయన మోటారును బతిమాలుతుంటే పక్క చేలవాళ్ళు పని ఆపి గట్టు మీద నిలబడి వినేవారు.

పామర్రు దగ్గర పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతితో చదువు ఆపినా, ఆయన తన ఘనకార్యాలు చెప్పడం మొదలుపెడితే ఎదుటివాళ్ళ కాఫీ చల్లారాల్సిందే. ఎడ్ల పందేల్లో మూడుసార్లు మొదటి బహుమతి. పాల సంఘానికి రెండుసార్లు ఏకగ్రీవ అధ్యక్షుడు. చివర్లో “గిత్తలను కూడా మీరు అనే తోలానండి, సుస్మిత గారూ” అని ముక్తాయింపు. సొంత కోడలిని గారు అనకండి మావయ్యా అని సుస్మిత ఆరేళ్ళుగా చెబుతూనే ఉంది.

విజయవాడ పటమటలో ఆయన, కొడుకు, కోడలు అద్దెకుండే ఇంటికి ఒకనాడు సుస్మిత ఓ కుక్కపిల్లను తెచ్చింది. పొమెరేనియన్, నాలుగు నెలలది, పేరు టాఫీ. కొండపల్లిలో ఎవరో వద్దనుకున్న పిల్ల. ఎందుకు వద్దనుకున్నారో మధ్యాహ్నానికల్లా తెలిసిపోయింది. సోఫా కాలు, పూజగది గడప, సుస్మిత భర్త లక్ష్మీకాంత్ లాప్‌టాప్ సంచీ, మూడూ తడిశాయి.

పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు వెంకటరత్నమ్మ వచ్చి చూసింది. “వారం టైమిస్తున్నానమ్మా సుస్మితా. ఆదివారం వస్తా. నేల మీద చుక్క కనబడిందా, దీన్ని పంపించెయ్యాల్సిందే.”

అప్పటికే టాఫీ సుస్మిత ఒళ్ళో తప్ప నిద్రపోవడం లేదు. ఆ కాస్త బరువు ఒళ్ళో లేకపోతే ఆమెకూ ఏమీ తోచడం లేదు.

లక్ష్మీకాంత్ ఫోన్లో వీడియో చూసి, బాల్కనీలో న్యూస్‌పేపర్ పరిచి, “పాటీ, పాటీ” అన్నాడు. పేపరు చూడగానే టాఫీ వణికిపోతూ సోఫా కిందికి దూరి అక్కడే కానిచ్చింది.

“మడిచిన పేపరుతో ఎవరో కొట్టారండి వీరిని. అది తీసెయ్యండి” అన్నారు హనుమయ్యగారు. పేపరు పోయి గోనెపట్టా వచ్చింది. “ఆ పాటీ ఏంటండీ లక్ష్మీకాంత్ గారూ. ఒకరిని పని మీద పంపేటప్పుడు మర్యాదగా చెప్పాలి.”

“కుక్కకి మర్యాదేంటి నాన్నా?”

“గిత్తలకి ఏంటని ఎవరూ అడగలేదే. మూడుసార్లు ఫస్టు.”

ఆనాటి నుంచి టాఫీ పాలు తాగినా, నిద్రలేచినా, నేల వాసన చూస్తూ గిరగిరా తిరిగినా, హనుమయ్యగారు రెండు చేతులతో ఎత్తుకుని గోనెపట్టా మీద దించేవారు. చేయి చాచి, “టాఫీ గారూ, దయచేయండి” అనేవారు. పని కాగానే బిస్కెట్ ముక్క నోటికి అందించి, “సంతోషమండి.” అయిదోరోజుకల్లా మాట వినబడితే చాలు, టాఫీ పని పూర్తి. శనివారం నేల మీద ఒక్క చుక్క లేదు. ఘనకార్యాల జాబితాలో ఇంకొకటి చేరింది.

ఆదివారం పదింటికి బెల్లు మోగింది. వెంకటరత్నమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. హనుమయ్యగారు లేచి, చేయి చాచి, అలవాటుగా అన్నారు.

“దయచేయండి.”

వచ్చేవాళ్ళను కూడా అదే మాటతో పిలుస్తారని టాఫీకి ఎవరు చెప్పారు? సుస్మిత కాళ్ళ దగ్గర పడుకున్నదల్లా లేచి, గోనెపట్టా కోసం అటూ ఇటూ చూసి, కనబడక, ఓనరు గారి పాదాల ముందే కానిచ్చింది. ఆపైన బిస్కెట్ కోసం తల ఎత్తింది.

“ఛీ, ఏయ్, నువ్వూ…” వెంకటరత్నమ్మ చేతిసంచీ ఎత్తింది. టాఫీ నేలకు అంటుకుపోయింది.

హనుమయ్యగారు వెళ్ళి ఇద్దరి మధ్యా నేల మీద చతికిలబడ్డారు. “వీరిని ఏమీ అనకండి. చెప్పిన మాట విన్నారంతే. చెప్పకూడని చోట చెప్పింది నేను. పంపించాలంటే నన్ను పంపించండి.”

“కుక్కని పట్టుకుని వీరేంటండీ, హాస్యమా?”

“హాస్యం కాదండి.” ఆయన గొంతు తగ్గింది. ఈ ముక్క ఆయన జాబితాలో సుస్మిత ఎప్పుడూ వినలేదు. “నేను పుట్టు కోపిష్టిని. ఇరవయ్యో ఏట ఒక గిత్తను ముల్లుగర్రతో కొట్టాను. కన్ను వెంట్రుకవాసిలో తప్పింది. నువ్వు అన్నాక నా చెయ్యి లేస్తుందండి. మీరు అన్నాక లేవదు. కావాలంటే మీరూ అని చూడండి.”

ఎత్తిన సంచీ ఎత్తినట్టే ఉండగా, వెంకటరత్నమ్మ టాఫీ వైపు కోపంగా చూసి, “చూడండీ, తమరు…” అంది. సంచీ మెల్లగా దిగింది. బిగబట్టుకున్నా నవ్వు ఆగలేదు.

“ఫినాయిల్ వేసి తుడవమ్మా సుస్మితా. ఉండనివ్వు, పర్లేదు. హనుమయ్యగారూ, ఇకమీదట నన్ను మాత్రం లోపలికి రండి అనండి, చాలు.”

మర్నాడు పొద్దున్న ఆఫీసుకు బయల్దేరుతున్న సుస్మితకు ఒక చెప్పు కనబడలేదు. రెండోదాని పట్టీ నమిలేసి ఉంది. కోపం నషాళానికి ఎక్కింది. అరవబోయి, మావయ్యగారు గుర్తొచ్చి, తమాయించుకుని పిలిచింది.

“ఏమండీ.”

ఇద్దరూ పరుగెత్తుకొచ్చి ఆమె ఎదుట నిలబడ్డారు. ఒకరి నోట్లో బ్రష్షు, ఒకరి నోట్లో చెప్పు.