శేషయ్య కొట్టు స్టాపు

ఈ సాయంత్రం విజయవాడ నుంచి వస్తుంటే, బస్సులో నా పక్కన కూర్చున్న ముసలావిడ హనుమాన్ జంక్షన్‌కి టికెట్ తీసుకుంది. రోజూ నాతోపాటు అంతకు ముందే, శేషయ్య కొట్టు దగ్గర దిగిపోయే మనిషి.

“మామ్మగారూ, శేషయ్య కొట్టు దగ్గర దిగేదానికి జంక్షన్ దాకా టికెట్ ఎందుకండీ?” అన్నాను.

“అది మా ఆయన పేరు బాబూ. టీ కొట్టులోకి లారీ దూసుకొచ్చి ఆయన పోయారు. కొట్టూ పోయింది. స్టాపుకి ఆ పేరు మాత్రం ఉండిపోయింది. మొగుడి పేరు పెట్టి టికెట్ ఎట్టా అడిగేది?”

స్టాపు రాగానే కండక్టరు “శేషయ్య కొట్టు, శేషయ్య కొట్టు” అని అరిచాడు. ఆవిడ తల వంచుకుని దిగింది.

రోజూ ఆ పేరు అరిచే కండక్టరుకీ, ఆ పేరుతో టికెట్ అడిగే నాకూ ఇవాళ్టిదాకా శేషయ్య ఎవరో తెలియదు. తెలిసిన మనిషికేమో ఆ పేరు నోట రాదు.

మీరు దిగే స్టాపు ఎవరి పేరండీ?