ఒక దీర్ఘం తీసేశాను

కరోనా అణిగిన రెండో ఏడాది వానాకాలం. నర్సీపట్నంలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. కిటికీ పక్కన ఒక పాత లాప్‌టాప్, దాని పక్కన అట్ట ఊడిన నిఘంటువు. అంతకు ముందు పదహారేళ్ళు ఇక్కడి ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. శుభలేఖలు, కరపత్రాలు, పదో తరగతి గైడ్లు, ఏది వచ్చినా నా ఎర్ర పెన్ను కిందనుంచి వెళ్ళాల్సిందే. ప్రెస్సు మూతపడింది గానీ అలవాటు పోలేదు. హోటల్ బోర్డు మీద ఒత్తు తప్పుగా ఉంటే లోపల టిఫిన్ సహించేది కాదు నాకు.

అంతకు ఏడాది ముందు ఒకరోజు ఫోన్లో ఏదో ఉచిత యాప్ సహాయ పేజీ చదువుతుంటే నాలుగు తప్పులు కనిపించాయి. పేజీ అడుగున "ఈ పేజీని సవరించండి" అని ఉంది. నొక్కాను. అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అట, అంటే లోపలి రాతంతా అందరికీ తెరిచి ఉంచినది. ఎవరైనా చూడొచ్చు, మార్పులు పంపొచ్చు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలను డాక్యుమెంటేషన్ అంటారు. మనం ఒక మార్పు చేసి "చూసి కలుపుకోండి" అని పంపితే అది పుల్ రిక్వెస్ట్. అవతల ఒకరు చూసి సరే అంటే కలిసిపోతుంది. నా మొదటి మార్పు ఒక మాటలో తప్పిపోయిన సున్నా. అది కలిసిన రోజు ఎంత సంబరపడ్డానో! ఏడాది తిరిగేసరికి మూడు వందలకు పైగా మార్పులు పంపాను.

వాటిలో ఒకదాని గురించే ఇది.

పల్లెల్లో పిల్లల బరువులు రాసుకునే యాప్ ఒకటుంది. సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది కాబట్టి కొయ్యూరు వైపు కొండ ఊళ్ళలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు వాడుతున్నారు. బరువు ఎక్కిస్తే చాలు, నెలనెలకీ ఒక గీత గీసి చూపిస్తుంది. గీత పైకి వెళ్తే బిడ్డ ఎదుగుతున్నట్టు, కిందికి వస్తే చిక్కుతున్నట్టు. చదువు రాని తల్లికి కూడా అర్థమవుతుంది.

ఆ యాప్ పేజీల్లో "కొత్త ఫోనుకు మారేటప్పుడు" అని ఒకటి. ఎవరు తెలుగు చేశారోగానీ నలభై దాకా తప్పులు. కూర్చున్నపళంగా దిద్దుకుంటూ పోయాను. మధ్యలో ఈ వాక్యం వచ్చింది: "సింక్ నొక్కే ముందు పాత నమోదులను చేరపండి." సింక్ అంటే ఫోన్లో ఉన్నదాన్ని సంస్థ కంప్యూటరుకు పంపడం. చేరపండి అనే మాట తెలుగులో లేదు. దీర్ఘం ఎక్కువైందనుకున్నాను. దీర్ఘం తీసేసి "చెరపండి" చేశాను. మార్పు కింద "అచ్చుతప్పు సవరణ" అని రాసి పంపాను. ఆ రోజే కలిసిపోయింది.

ఐదు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం కిరణ్ ఫోన్ చేశాడు. బెంగళూరులో ఉండి ఆ ప్రాజెక్టు చూసుకునే కుర్రాడు. అక్కడే పుట్టి పెరిగాడు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. నా మార్పులు చూసి కలిపేది అతనే. చూడడమంటే పేజీ సరిగ్గా తెరుచుకుంటోందా లేదా అని చూడడమే.

"వరలక్ష్మి గారూ, చెరపండి అంటే డిలీట్ చేయమనేనా అండీ?"

"అవునండీ."

"మరి ఫోన్ మార్చే పేజీలో అది ఎందుకుంది?"

లాప్‌టాప్ తెరిచి పాత మార్పులు వెతికాను. ఈ పనిలో ఏదీ దాగదు. నేను తీసేసిన వాక్యం ఎర్రగా, పెట్టిన వాక్యం ఆకుపచ్చగా, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పక్కన నా పేరు. అప్పుడు ఇంగ్లీషు మూలం తెరిచాను. ఒక్క నొక్కు దూరంలోనే ఉంది, ఆ రోజు తెరవలేదు. పాత నమోదులను కూడా పంపేవాటిలో కలపండి, లేకపోతే ఈ నెలవి మాత్రమే వెళ్తాయి అని దాని సారాంశం. తెలుగు చేసినాయన రాయాలనుకున్నది "చేర్పండి", అంటే చేర్చండి అని. ర కింద ప ఒత్తు పడక చేరపండి అయింది. అక్కడ తప్పింది ఒత్తు. నేను తీసింది దీర్ఘం. కలపమన్న మాట తుడిచేయమన్న మాటయింది.

"ఎవరైనా చెరిపేశారా?" అని అడిగాను.

"కొయ్యూరు దగ్గర దేవి అని ఒకమ్మాయి అండీ. పాత ఫోన్ స్క్రీన్ పగిలితే కొత్తది ఇచ్చారు. పేజీలో ఉన్నట్టే చేసింది. మూడు నెలల బరువులు పోయాయి. అక్కడ టవర్ పనిచెయ్యక ఈ మూడు నెలలూ సింక్ అవలేదు. మిగతా ఊళ్ళవాళ్ళవి ముందే సింక్ అయ్యాయి గనక ఏమీ పోలేదు."

"తిరిగి తీయలేమా?"

"చూశామండీ. రాలేదు."

పది నిమిషాల్లో వాక్యం సరిచేసి పంపాను. అతను వెంటనే కలిపేశాడు. పేజీ బాగైపోయింది. ఇంక చెయ్యడానికేమీ లేదు, అదే భరించలేకపోయాను. లేచి వంటింట్లోకి వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో తెలీక మళ్ళీ వచ్చాను. నా మూడు వందల మార్పులూ మొదటినుంచి తెరవడం మొదలుపెట్టాను. నాలుగు చూసేసరికి మొదటిది సరిగ్గా చూశానా అని అనుమానం, వెనక్కి వెళ్ళడం. మా ఆయన నాతవరం రూట్లో షేర్ ఆటో నడుపుతారు. భోజనానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఏటే, ఆ తిరుగుడేటి? కూకో ఓపాలి."

చెప్పాను.

"పోనాదేదో పోనాది. కావాలని సేసేవా ఏటి?"

"కావాలని సేత్తే ఎందుకు సేసేనో నాకు తెలిసేది. ఇది ఎందుకు సేసేనో తెలవట్లేదు."

ఆయన కంచం ముందు కూర్చుని, "రేపు పొద్దున్న కొయ్యూరు బస్సుంది. బేగి లేస్తే అందుతాది" అన్నారు.

మర్నాడు బస్సులో అందరం కిటికీలు మూసుకుని కూర్చున్నాం, బయట ఒకటే జల్లు. ఆ అమ్మాయితో ఏం చెప్పాలో మనసులో రాసుకున్నాను, కొట్టేశాను, మళ్ళీ రాసుకున్నాను. దిగేసరికి ఒక్క వాక్యం కూడా మిగల్లేదు.

దేవికి ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఆ కొండ ఊరి పిల్లే. భుజాన సంచి, అందులో పిల్లల్ని ఊయల్లా కూర్చోబెట్టి తూచే వేలాడే కాటా. కిరణ్ చెప్పి ఉంచాడు గనక నాకోసం బస్సు దగ్గరకే వచ్చింది. నేను ఏదో ఆఫీసు నుంచి విచారణకు వచ్చాననుకుంది పాపం.

"మేడం, నాను సరిగ్గా సదవలేదేమోనండి. సెరిపేయమన్నట్టే కనిపించింది నాకు. రెండుసార్లు సదివేనండి. మా సూపర్‌వైజరు గారు, ఇంత సదువుకుని ఆ మాత్రం తెలవదా అన్నారు."

"నువ్వు సరిగ్గానే సదివేవమ్మా. రాసిందే తప్పు. అలా మార్చింది నేను."

దేవి నా ముఖంలోకి చూసింది. "మీరా?" అంది. సంచి భుజం మార్చుకుని ముందు నడిచింది. కోప్పడితే బాగుండునని నాకనిపించింది. రోడ్డు వాలు దిగాక ఆగి, "మరయితే ఆ మాట మా సూపర్‌వైజరు గారికి సెప్తారా? ఇక్కడ సిగ్నలుంటాది" అని ఫోన్ నా చేతికిచ్చింది.

అక్కడే వానలో నిలబడి ఆయనకు చెప్పాను. తప్పు దేవిది కాదని, నాదని, ఏ మాట ఏ మాటగా మారిందో అంతా. ఆయన అంతా విని, "అలాగా అండీ" అన్నారు. దేవి ఫోన్ తీసుకుని గొడుగు సగం నా మీదకు జరిపింది.

ఆ రోజూ మర్నాడూ మూడు ఊళ్ళు తిరిగాం. దేవి పిల్లల్ని తూచి అంకె చెప్పేది, నేను పుస్తకంలో రాసేదాన్ని. ఈ నెల బరువు దొరుకుతుంది. పోయిన నెలలవి ఎక్కడినుంచి తేవాలి? కొందరు తల్లులకు గుర్తున్నాయి. దేవికీ కొన్ని గుర్తున్నాయి. గుర్తున్నవాటి పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకున్నాం, నమ్మకంగా తెలిసినవి కావు కాబట్టి. చుక్కలు పెరుగుతున్నకొద్దీ నా కాళ్ళు నిలవలేదు. తర్వాతి ఇంటికి దేవి కంటే ముందు నడిచేదాన్ని, దారి తెలియకపోయినా.

రెండో రోజు సింగారమ్మ అనే పెద్దావిడ ఇంటికి వెళ్ళాం. ఆమె మనవరాలు రాజి, పద్నాలుగు నెలల పిల్ల. ఆ పిల్ల రెండు నెలలుగా చిక్కుతోందని దేవికి తెలుసు. నర్సీపట్నం పెద్దాసుపత్రిలో ఇలాంటి పిల్లల్ని తల్లితో సహా రెండు వారాలు ఉంచుకుని తిండి పెట్టి బాగుచేసే వార్డుంది. పంపమంటే సింగారమ్మ ఒప్పుకోలేదట. నాట్ల రోజుల్లో కోడలు ఊరు వదిలితే పొలం పనెవరు చేస్తారు? మూడో నెల కూడా గీత కిందికొస్తే అప్పుడు పంపుతానని మాటిచ్చింది.

రాజిని తూచాం. పిల్ల ఏడవలేదు. ఆ వయసు పిల్ల కాటాలో వేలాడుతూ ఏడవకపోవడం చూసి నాకే భయమేసింది.

"ఏదీ, గీత సూపించు" అంది సింగారమ్మ.

"ఈ మూడు నెలల గీత పోయిందమ్మా" అంది దేవి. "తగ్గిందని నాను సెప్తన్నాను గదా. నాకు గుర్తుంది."

"గుర్తుంటే సరా? గీత కిందకొస్తేనే అన్నాను. గీతే లేదంటే తగ్గలేదనే గదా."

నేను ముందుకొచ్చాను. "గీత పోవడం ఈ అమ్మాయి తప్పు కాదండీ. నేనొక మాట తప్పుగా దిద్దాను. దానివల్ల ఈమె చెరిపేసింది."

సింగారమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "తప్పు దిద్దేదానివి తప్పు రాసేవా? మరి ఇప్పుడు నువ్వు సెప్పేది మాత్రం ఎలాగ నమ్మాలి?"

నేను చేతిలోని పుస్తకం మూశాను. దేవి కాటా మడిచి సంచిలో పెడుతోంది.

అంతవరకూ పొయ్యి దగ్గర నిలబడ్డ కోడలు కాంతమ్మ వచ్చి పిల్లనెత్తుకుంది. గౌను పైకెత్తి నడుముకున్న నల్ల మొలతాడు చూపించింది.

"చైత్రంలో ఇటుకల పండక్కి నువ్వే కట్టేవు గదత్తా. అప్పుడు నా సిటికినేలు కూడా దూరలేదు. ఇప్పుడు సూడు." రెండు వేళ్ళు తాడు కిందికి పోనిచ్చింది. మూడోది కూడా వెళ్ళింది. "మొన్న తొడల మీదకి జారిపోతే నానే పైకి లాగేను. సెప్తే నువ్వు కోప్పడతావని సెప్పలేదు."

సింగారమ్మ తన వేళ్ళు పెట్టి చూసుకుంది. పండగకి తను వేసిన ముడి అలాగే ఉంది. ముడిని వేళ్ళతో తడిమింది. ఆఖరికి, "బస్సెప్పుడు?" అంది.

ఆ సాయంత్రం బస్సులో కాంతమ్మ, పిల్ల, నేను నర్సీపట్నం వచ్చాం. పదహారు రోజులున్నారు వార్డులో. రోజూ వెళ్ళేదాన్ని. వెళ్ళకపోయినా వాళ్ళ వైద్యం ఆగదు, నేను ఇంట్లో ఉండలేక వెళ్ళేదాన్ని. ఆరో రోజున రాజి నా కళ్ళజోడు లాగి గట్టిగా ఏడ్చింది. కాంతమ్మ నవ్వింది. ఆ ఏడుపు విని నర్సు కూడా తల తిప్పి చూసింది. వెళ్ళేనాటికి పిల్ల బరువు పెరిగింది.

అంతా అలా తేలిందని చెప్పను. పుస్తకంలో చుక్కలున్న మరో నలుగురు పిల్లలున్నారు. వాళ్ళు చిక్కుతున్నారో లేదో తెలియాలంటే ఇంకో నెల ఆగక తప్పలేదు. ఆ నెల నేను ఒక్క పేజీ కూడా దిద్దలేదు. నెల తిరిగాక దేవి ఫోన్ చేసి ముగ్గురు పెరిగారని, ఒకరు తగ్గితే వెంటనే వార్డుకు పంపించానని చెప్పింది. ఆ ఒక్కరూ ఒక నెల ముందే రావాల్సింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

తర్వాత ప్రాజెక్టు వాళ్ళంతా వీడియో కాల్‌లో కూర్చున్నాం. తెలుగు పేజీల్లో ఏ మార్పు వచ్చినా యాప్ వాడేవాళ్ళలో ఒకరు చదివి సరే అన్నాకే కలపాలని నేను అడిగాను. ఒప్పుకున్నారు. మొదట చదవడానికి ఒప్పుకున్నది దేవే. ఇప్పటికి నా మార్పులు ఏడు తిప్పి పంపింది.

ఆ కాల్‌లోనే కిరణ్ ఒక మాటన్నాడు. అప్పటికి నేను కొంచెం తేరుకున్నానని అనుకున్నాడు కాబోలు.

"ఇదివరకు ఆ వాక్యం దగ్గర అందరూ ఆగిపోయేవారండీ. చేరపండి అంటే ఏంటని హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసేవారు, మేం చెప్పేవాళ్ళం. మీరు దిద్దాక ఫోన్లు ఆగిపోయాయి. పేజీ బాగైందనే అనుకున్నాం."

పదహారేళ్ళు ప్రెస్సులో, తర్వాత ఇంట్లో, తప్పు కనిపిస్తే దాన్ని తీసేయడమే నా పని అనుకున్నాను. చేరపండి అన్న ఆ తప్పు అక్కడ నిలబడి, ఇక్కడేదో సరిగా లేదు, అడిగి ముందుకు వెళ్ళండి అని చదివేవాళ్ళకు చెప్తూ ఉండేది. నేను దాన్ని నున్నగా చేసి నోరు నొక్కేశాను. మాట సరిగ్గా ఉంటే జనం నమ్ముతారు. దేవి రెండుసార్లు చదివి మరీ నమ్మింది. ఆ నమ్మకాన్ని ఇవ్వగలిగే చెయ్యి, ఆ మాట వెనక ఏముందో చూడకుండా కదలకూడదు.

ఇప్పుడు మూలం తెరవకుండా ఒక్క అక్షరం ముట్టుకోను. రెండు రకాలుగా దిద్దగలిగిన మాట ఎదురైతే ఏదీ దిద్దను, ప్రశ్న రాసి పెడతాను. జవాబు రావడానికి ఒక్కోసారి వారం పడుతుంది. ఆ వారమంతా ఆ తప్పు నా కళ్ళముందు అలాగే ఉంటుంది, వేళ్ళు జివ్వుమంటాయి. ఉండనిస్తున్నాను.