సంతకం వేళకు పోయే పెన్ను

పందొమ్మిది వందల ఎనభై ఏడు, నవంబరు తొమ్మిది, సోమవారం. కెనడాలోని విన్నిపెగ్ సరస్సు అంచులు అప్పుడప్పుడే గడ్డకడుతున్నాయి. వానో మంచో తేల్చుకోలేని చినుకు ఒకటి వృద్ధాశ్రమం కిటికీలను పొద్దుటినుంచి గీరుతోంది. మధ్యాహ్నం డాక్టరు టోర్ఫాసన్ బూట్లు దులుపుకుంటూ లోపలికి రాగానే, హెడ్ నర్సు విల్మా పెన్నర్ తన జేబులోని పెన్నును గట్టిగా పట్టుకుంది. ఊరందరికీ తెలిసిన సంగతే: ఆ మహానుభావుడి దగ్గర పెన్ను నిలవదు.

నిలవదంటే, ఎప్పుడూ కాదు. దగ్గుమందు రాసేటప్పుడు నిలుస్తుంది. నిమోనియాకు సూదిమందు రాసేటప్పుడు గుర్రంలా పరుగెడుతుంది. మతి తప్పిన ముసలివాళ్లు కేకలు వేసినప్పుడు, వాళ్లను కుర్చీలో కుదేసే మాత్రకు సంతకం పెట్టమంటేనే మాయమవుతుంది. అది నిజానికి పిచ్చికోసం పుట్టిన మందు. ఆ రోజుల్లో ఆశ్రమాలలో గోలకు కూడా అదే మందు.

ఇక్కడ ఆయన వాక్యనిర్మాణాన్ని కాస్త గమనించాలి. "పెన్ను పోగొట్టుకున్నాను" అని ఆయన ఏనాడూ అనలేదు. "పెన్ను పోయింది" అనేవాడు. వాక్యంలో కర్త పెన్ను. దాని నడవడికి ఆయన ఎంతమాత్రమూ పూచీదారు కాడు.

విల్మా కూడా తక్కువేమీ తినలేదు. ఒకసారి పెన్నును వల అల్లే దారంతో కాగితాల అట్టకు కట్టేసింది.

"పుండు కట్టు కత్తిరించాలి. ఆ కత్తెర ఇలా ఇస్తారా, సిస్టర్?" అన్నాడు డాక్టరు. కత్తెర తిరిగి వచ్చింది, పెన్ను రాలేదు. మరోసారి ఎర్ర పెన్ను ఇచ్చి చూసింది.

"అది బడిపంతుళ్ల రంగు కదమ్మా! నాకంత అర్హత లేదు."

కాని ఆ సోమవారం విల్మాకు నవ్వులాట పట్టలేదు. జీవితమంతా ఆ సరస్సు మీద చేపలు పట్టిన స్టెపాన్ హ్రించుక్ కొద్దిరోజులుగా మధ్యాహ్నం కునుకు తీసి లేవగానే కేకలు అందుకుంటున్నాడు. నిన్న సూప్ గిన్నెను ఆయా మీదికి తోశాడు. "ఇవాళే మాత్ర మొదలుపెట్టండి, లేకపోతే రేపు నగరంలోని మానసిక వైద్యశాలకు పంపేస్తాను" అని మేనేజరు తేల్చేశాడు. స్టెపాన్ భార్య నెటీకి కారు నడపడం రాదు. రోజూ నడిచి వచ్చి భర్తతో పేకాడి వెళుతుంది.

"సంతకం పెట్టండి, డాక్టరుగారూ. ఆయన్ని ఇక్కడైనా ఉండనివ్వండి" అంది విల్మా, కేకలు పెడుతున్న స్టెపాన్ మంచం దగ్గర.

"ఉంటాడులేమ్మా" అంది పక్కనే పేకలు పట్టుకుని కూర్చున్న నెటీ. "ఆ కిటికీ పక్కన ఓల్గా కూడా ఉంది. మాత్ర మొదలెట్టాక చొంగ తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. ఈయనా అలాగే కూర్చుంటే నేనెవరితో పేకాడను?"

డాక్టరు పై జేబు తడుముకున్నాడు. కింది జేబు తడుముకున్నాడు.

"పెన్ను పోయింది."

"ఇప్పుడే మీ జేబులో చూశాను!"

"అప్పుడుంది. స్టెపాన్‌గారూ, కాస్త సాయం పడతారా?"

కేకలు ఠక్కున ఆగాయి. పోయిన వలలను సరస్సులోంచి వెతికి తీసిన మనిషాయె.

"ఆఖరిసారి ఎక్కడ చూశావయ్యా?"

"ఇక్కడేనండి."

"వల పోగొట్టుకున్న ప్రతివాడూ ఇక్కడే అంటాడు. మంచం కిందికి దూరు!"

డాక్టరు భారీకాయం మంచం కిందికి దూరింది.

"ఎడమకి! అది కుడిరా నాయనా! నిన్ను డాక్టర్ని చేసిందెవడు?"

"మా ఆవిడా అదే అడుగుతుందండి."

దగ్గరుండి చూపిద్దామని స్టెపాన్ లేచాడు. ఎడమకాలు నేలకు ఆనగానే పైకప్పు అదిరేలా "అబ్బా!" అన్నాడు. రోజూ వినే కేకే.

"సిస్టర్" అంది మంచం కిందినుంచి గొంతు, "ఆ ఎడమకాలి జోడు విప్పండి."

విప్పింది. బొటనవేలి గోరు కండలోకి దిగి, వేలు చీముపట్టి టమాటాలా ఉబ్బి ఉంది. కునుకు తీసి లేచాక జోడు తొడిగే వేళకే కేకలు మొదలవుతున్నాయని విల్మాకు అప్పుడు తట్టింది.

వంగి ఉన్న ఆమెకు మరొకటి కూడా కనబడింది. పైకి జరిగిన ప్యాంటు కింద, డాక్టరుగారి ఉన్ని మేజోడులో, అమ్ములపొదిలో బాణాల్లా పెన్నులు! నీలివి, నల్లవి, దారపు ముక్క వేలాడుతున్న తన పెన్ను కూడా.

డాక్టరు మంచం కిందినుంచి ఆమె వంక చూశాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లవాడి చూపు అది.

"దొరికిందా?" అన్నాడు మేనేజరు గుమ్మంలోంచి.

విల్మా ఆ ప్యాంటు అంచును మెల్లగా కిందికి లాగింది. "లేదండీ. వంటింట్లో కూడా చూడాలి. ఈలోగా వేలికి కట్టు కడతాం."

గోరు తీశాక మధ్యాహ్నపు కేకలు పోయాయి. మేనేజరు నగరం మాట మళ్లీ ఎత్తలేదు. పేకాటలో నెటీ తొండి చేసినప్పటి కేకలు మాత్రం అలాగే ఉండిపోయాయి. వాటికి వైద్యం లేదు.

చాలా ఏళ్లకు, వాంకూవర్ నుంచి విల్మాకు డాక్టరు టోర్ఫాసన్ ఉత్తరం వచ్చింది.

"సిస్టర్ విల్మాగారికి,

ఇప్పుడు నేనూ ఆశ్రమవాసినే. మొన్న జావగిన్నె విసిరానట. నాకు గుర్తులేదు గాని, ఇక్కడి జావ రుచి చూశాక నమ్మబుద్ధవుతోంది. మాత్ర రాయించడానికి డాక్టరమ్మను పిలిచారు. చిన్నపిల్ల. పెన్నులతో పని లేదు, కంప్యూటరులో మీట నొక్కితే చాలు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆ పిల్ల తెర వంక చూసి, 'అయ్యో, నా కళ్లజోడు పోయింది. కాస్త వెతికిపెడతారా, తాతగారూ?' అంది. సాయంత్రం దాకా వెతికాం. నా చెవిలోని వినికిడి యంత్రం పొద్దస్తమానం ఈల వేస్తోందని ఆ సందట్లోనే ఆమె కనిపెట్టింది. కళ్లజోడు ఆమె తలమీదే ఉంది. మొదటే చూశాను. చెప్పలేదు. రేపు తోటలో వెతుకుదామంది."