ఎడమకాలి వైద్యం

ఈ ఉదయం స్నానానికి చెంబు ఎత్తబోతే నడుము పట్టేసింది. మా కోడలు ఒళ్ళు పట్టే మనిషిని పిలిపించింది. ఆయన కాచిన నూనె గిన్నె కింద పెట్టి, "ఎలా పట్టమంటారండి? మెత్తగా ఒత్తమంటారా, నూనె పోసి తోమమంటారా, కుస్తీవాళ్ళకి పట్టినట్టు పట్టమంటారా?" అని అడిగాడు. కాలవల కచేరీలో ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రతి పనీ వరస తప్పకుండా చేసినవాణ్ణి, ఇంత చిన్న ప్రశ్నకు జవాబు మానేసి ఎదురు ప్రశ్న వేశాను. "నువ్వు ఎలా పుట్టావోయ్, తలతోనా, కాళ్ళతోనా?" అని అడిగాను. నాకు మతి పోయిందనుకుని ఆయన మా కోడలి వంక చూశాడు.

మతి పోలేదు. మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడ ఎదురుకాళ్ళతో పుట్టింది. అలా పుట్టినవాళ్ళు ఎడమకాలితో మూడుసార్లు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన పాతికేళ్ళకు, నేను కొత్తగా ఉద్యోగంలో చేరి మొగల్తూరు దగ్గర కాలవలో నీటిమట్టం కొలిచే పని మీద వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. ఆదివారం తెల్లవారేసరికి వలలు లాగి నడుములు పట్టేసిన సముద్రపు జాలర్లు ముగ్గురో నలుగురో వీధిలో బోర్లా పడుకుని ఉండేవారు. అత్తయ్య చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, పిండి రుబ్బుతున్నంత మామూలుగా, ఒక్కొక్కరి నడుం మీద మూడేసి తొక్కులు తొక్కి లోపలికి పోయేది. వాళ్ళు దణ్ణం పెట్టి, అరుగు మీద నాలుగు ఎండు చేపలు పెట్టి వెళ్ళేవారు. మా ఇంట్లో చేపలు తినరని వాళ్ళకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పక్కవీధి పిల్లులు మాత్రం బాగా బలిశాయి.

ఆవిడ భర్త, మా మామయ్య, చెయ్యి చేసుకునే మనిషి. చారులో ఉప్పెక్కువైనా, తువ్వాలు ఆరకపోయినా ముందు చెయ్యే లేచేది. నాకు అప్పటికే రోజూ రాసుకునే అలవాటుంది. ఉదయం నీటిమట్టం రాసేవాణ్ణి, దాని కింద ఇంట్లో జరిగింది రాసేవాణ్ణి. "నీరు నాలుగడుగుల ఆరంగుళాలు. అత్తయ్యకు చెంప మీద ఒకటి." రాసి, సిరా ఆరేదాకా ఉండి, పుస్తకం మూసేవాణ్ణి. ఆయన తిండి తింటున్న కుర్రగుమాస్తాను, మధ్యలో మాట్లాడితే ఏమవుతుందోనని భయం.

ఆ ఏడు ఫాల్గుణంలో సంతలో ఎవరో మామయ్యతో, "ఏమండోయ్, మీ ఆవిడ ఊరందరి నడుములూ తొక్కేసింది, ఇంక మీ నెత్తే మిగిలింది" అన్నారట. ఆయన అక్కడ నవ్వి, ఇంటికొచ్చి రోకలి తీశాడు. "ఇంకోసారి ఆ కాలు వీధిలో పెట్టావంటే చూడు!" మొదటి దెబ్బ ఆవిడ ఎడమకాలి చీలమండ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వసారాలో ఉన్న నాకు వినపడింది. రెండో దెబ్బకు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. నడుము పట్టేసి, రోకలితో సహా కూలబడ్డాడు.

పెరటి వసారాలో కాలికి వెదురు దబ్బలు కట్టుకుని ఆవిడ, వీధి వసారాలో మంచం మీద ఈయన. కట్టు కట్టినాయన వెళ్తూ, "విరిగినచోట చెయ్యి పెట్టకూడదండి, పట్టేసినచోట ఊరుకోకూడదండి. అమ్మగారు నలభై రోజులు కాలు కింద మోపారంటే ఇక జన్మంతా వంకరే" అని చెప్పాడు. మామయ్యకు మొదట ఆముదం రాసి మెత్తగా ఒత్తించాం. తరవాత ఇసక మూటతో కాపడం. నాలుగో రోజు నరసాపురం నుంచి పహిల్వాన్ని తెచ్చాం. అతను వీపు మీద మోకాలు పెట్టి భుజాలు వెనక్కి విరిచేసరికి ఆయన పెట్టిన కేక కాలవగట్టు దాకా వినిపించింది. నడుము మాత్రం వదల్లేదు.

ఆరో రోజు ఆదివారం. మామయ్య తల్లి పెరట్లోకొచ్చి, "ఒక్కసారి తొక్కవే తల్లీ. వాడు మంచం మీదే పోతాడు" అని ఏడిచింది.

"తొక్కుతానండి అత్తయ్యగారూ. లేచాక ఆయన మొదట ఎత్తేది ఆ రోకలే. అందుకని నాదో మాట" అని మా అత్తయ్య నా వైపు తిరిగింది. "ఒరేయ్ అబ్బాయ్, రోజూ ఏదో రాస్తావు కదా. నా సంగతి రాశావా?"

"రాశానత్తయ్యా."

"ఎన్నున్నాయి?"

"పదిహేడు."

"పదిహేడు దెబ్బలూ రాసుకుంటూ కూర్చున్నావన్నమాట" అని నవ్వింది. ఆ నవ్వు కన్నా రోకలి నయం. "వీధి అరుగెక్కి అందరూ వినేలా చదువు. ఒక్కోటి చదివాక ఒక్కో తొక్కు."

"మూడే కదే తొక్కాలి!" అని మంచం మీంచి మామయ్య అరిచాడు.

"మీరూ మూడుతో ఆపలేదు కదండీ."

జాలర్లు ఆయన్ని దింపి వీధిలో బోర్లా పడుకోబెట్టారు. అత్తయ్య ఇద్దరు ఆడవాళ్ళ భుజాలు పట్టుకుని, కట్టుతోనే ఆ కాలెత్తింది. నేను చదివాను. "మార్గశిర శుద్ధ పంచమి. నీరు అయిదడుగుల రెండంగుళాలు. చారులో ఉప్పెక్కువైందని చెంపదెబ్బ." కాలు పడింది. జనం నవ్వారు. "తువ్వాలు తడిగా ఉందని జుట్టు పట్టి గోడకేసి." కాలు పడింది. అయిదోది చదివేసరికి నవ్వేవాళ్ళు లేరు. ప్రతి తొక్కుకూ కింద ఆయన కేక, పైన ఆవిడ పళ్ళ బిగువున ఆపుకున్న మూలుగు. ఒక ముసలి జాలరి, "ఆపెయ్యమ్మా, నీ కాలు పోతాది" అన్నాడు. ఆవిడ ఆ ముసలాయన వంక చూడకుండా, "చదవరా" అంది.

పదకొండోదానికి టక్కుమని చప్పుడైంది. ఆయన నడుమో, ఆవిడ చీలమండో తెలియలేదు. మామయ్య అరచేతులు నేలకానించి కొద్దిగా లేచాడు. లేవగలిగాడు! "వదిలిందే" అన్నాడు ఆశ్చర్యంగా.

"ఇంకా ఆరున్నాయండి" అంది అత్తయ్య.

ఆయన తల తిప్పి ఆ కట్టువైపు చూశాడు. వెదురు సందుల్లోంచి నెత్తురు కారుతోంది. లేచి లోపలికి పోతాడనుకున్నాను. ఆయన మళ్ళీ నేల మీద మొహం ఆనించి పడుకున్నాడు. మిగిలిన ఆరూ చదివాను. ఆయన మళ్ళీ కేక వెయ్యలేదు.

అత్తయ్య బతికినన్నాళ్ళూ కుంటింది. జాలర్లు మళ్ళీ తొక్కమని రాలేదు. మామయ్య మళ్ళీ చెయ్యెత్తలేదు. సిగ్గో, నడుము గురించి భయమో నేను తేల్చుకోలేకపోయాను. రోజూ సాయంత్రం రోకలి పట్టిన ఆ చేత్తోనే నువ్వుల నూనె తీసుకుని ఆ చీలమండ మెత్తగా ఒత్తేవాడు. ఆవిడ వద్దని అనలేదు, బాగుందనీ ఎన్నడూ అనలేదు.

నూనె చల్లారుతోందని మా కోడలు గుర్తుచేసింది. "మెత్తగానే పట్టవోయ్" అని బోర్లా పడుకున్నాను. నేను కొలిచిన నీళ్ళన్నీ ఎప్పుడో సముద్రంలో కలిసిపోయాయి. వాటి కింద రాసిన ఆ పదిహేడు పూటలు మాత్రం ఎటూ పారక నా చేతిరాతలోనే నిలిచి, అప్పుడు నువ్వెక్కడున్నావని ఇప్పటికీ నన్నడుగుతున్నాయి.